ఐదు డాలర్ల బొంత

మన అమ్మమ్మలు పాత చీరలు పొరలుగా పరిచి మనవల కోసం బొంతలు కుట్టేవారు. అలాంటి బొంత మీద బైబిలు కథలనే కుట్టిన తల్లి హ్యారియట్ పవర్స్. 1837లో అమెరికాలోని జార్జియాలో బానిసగా పుట్టింది. బానిసత్వం పోయాక, సేద్యం చేసుకుని బతుకుతూ, గుడ్డముక్కలను చేత్తోనూ మిషను మీదా కుట్టి 11 బొమ్మలు చేసింది. ఏదెను తోట, యాకోబు కల, యేసు బాప్తిస్మం, సిలువ అందులో ఉన్నాయి.

1886లో ఏథెన్స్ పట్టణంలో జరిగిన పత్తి ప్రదర్శనలో జెన్నీ స్మిత్ అనే చిత్రకారిణి ఆ బొంతను చూసి కొంటానంది. ఎంతిచ్చినా అమ్మనంది హ్యారియట్. కొన్నేళ్లకు ఇల్లు గడవక, తానే పది డాలర్లకు ఇస్తానంది. వచ్చింది ఐదే. అప్పగించేటప్పుడు ఒక్కో బొమ్మ కథా విడమరిచి చెప్పింది. జెన్నీ రాసుకుంది. ఆ తర్వాత కూడా హ్యారియట్ ఎన్నోసార్లు వెళ్లి తన బొంతను చూసుకుని వచ్చేది.

ఈనాడు అది వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆ రోజు రాసుకోబట్టే ఆ బొమ్మల్లో ఆమె ఏం చెప్పిందో మనకు తెలిసింది.

మీ ఇంట్లో బొంత కుట్టిన అవ్వ ఉంటే, అందులో ఏ చీర ఎవరిదో ఈ వారమే అడిగి రాసుకోండి. ఆ ఇంటికి దేవుడు చేసిన మేళ్లు కూడా ఆమె చెబుతుంది.