పోస్టర్ మీద లేని రెండు పేర్లు

బొంబాయి. 1973 మే నెల. పక్కనే సముద్రం ఉన్నా ఒంటికి చొక్కా అంటుకుపోయే ఉక్కపోత. జుహూ నుంచి ఒపేరా హౌస్ దాకా గోడలన్నీ 'జంజీర్' పోస్టర్లే. హీరో ఉన్నాడు. హీరోయిన్ ఉంది. ప్రాణ్ గుడ్లురిమి చూస్తున్నాడు. దర్శకుడి పేరుంది. కథ రాసిన ఇద్దరి పేర్లు లేవు.

వెళ్లి అడిగారు. పోస్టర్ మీద రచయిత పేరు వేసే ఆనవాయితీ లేదన్నారు. అదీ నిజమే. ఆ రోజుల్లో రచయితంటే సెట్లో ఓ మూల కూర్చుని, అడిగిన డైలాగు అప్పటికప్పుడు రాసిచ్చే మున్షీ. ఇద్దరూ మాట్లాడకుండా బయటికొచ్చారు. కానీ ఊరుకోలేదు.

ఎలా ఊరుకుంటారు? సలీం ఖాన్ హీరో అవుదామని ఇండోర్ నుంచి వచ్చి, చిన్నాచితకా వేషాల దగ్గరే ఆగిపోయినవాడు. జావేద్ అఖ్తర్ 1964లో బొంబాయిలో దిగి, క్లాప్ కొట్టుకుంటూ, స్టూడియోల్లోనే పడుకుంటూ రోజులు నెట్టినవాడు. 'సర్హదీ లుటేరా' సెట్లో జత కలిశారు. తర్వాత సిప్పీ ఫిలింస్ కథా విభాగంలో నెలకు 750 రూపాయల జీతం. 'అందాజ్' ఆడింది. 'సీతా ఔర్ గీతా' ఇంకా బాగా ఆడింది. పేరు విభాగానికి పోయింది. జంజీర్ వీళ్ల సొంత కథ. దాన్ని కొనిపించడానికే తల ప్రాణం తోకకొచ్చింది.

మొదట ధర్మేంద్ర చేతిలో ఉన్న కథ దర్శకుడు ప్రకాశ్ మెహ్రా దగ్గరికి చేరింది. అక్కణ్నుంచి హీరో కోసం వేట. దిలీప్ కుమార్ వద్దన్నాడు. దేవానంద్ తనకు పాటలు కావాలన్నాడు. రాజ్ కుమార్‌తోనూ కుదరలేదు. కుదరదు మరి: చిన్నప్పుడే కళ్లముందు అమ్మానాన్నల్ని పోగొట్టుకుని, రాత్రయితే చాలు తెల్ల గుర్రమూ హంతకుడి ముంజేతికి వేలాడే గొలుసూ కల్లోకొచ్చి దిగ్గున లేచి కూర్చునే ఇన్‌స్పెక్టరు, పాట పాడడు, కామెడీ చెయ్యడు, మొదటి రీలు నుంచి చివరి రీలు దాకా నవ్వడమే గగనమైనవాడు, ఆ రాజేశ్ ఖన్నా రోజుల్లో ఏ స్టారుకి పనికొస్తాడు? అప్పుడు గుర్తొచ్చాడు ఓ కుర్రాడు.

'బాంబే టు గోవా'లో ఫైటు. కుర్రాడు చూయింగ్ గమ్ నములుతున్నాడు. దెబ్బ పడింది. ఎగిరి అవతల పడ్డాడు. లేచాడు. ఇంకా నములుతూనే ఉన్నాడు. తమ ఇన్‌స్పెక్టరు విజయ్ వీడేనని రచయితలిద్దరూ తేల్చేశారు. వరస ఫ్లాపులతో కుదేలైన అమితాబ్ బచ్చన్‌కి కబురెళ్లింది. హీరోని కూడా చూపెట్టినవాళ్లకి పోస్టర్ మీద చోటు లేదా?

రాత్రి. జీపు కదిలింది. నిచ్చెన, రంగు డబ్బా, స్టెన్సిల్. డబ్బులు రచయితల జేబులోంచే. పెయింటరుకి చెప్పింది ఒక్కటే పని: ఎక్కడ జంజీర్ పోస్టర్ కనిపిస్తే అక్కడ 'రచన: సలీం-జావేద్' అని కొట్టెయ్. ఎక్కడ కొట్టాలో చెప్పడం మాత్రం మరిచిపోయారు.

తెల్లారింది. ఒక గోడ మీద ఆ అక్షరాలు ప్రాణ్ ముక్కు మీదున్నాయి. ఇంకోచోట అమితాబ్ చేతి మీద. బొంబాయి ఆగి చూసింది.

మే 11న సినిమా విడుదలైంది. హాళ్లు నిండాయి. ఆ తర్వాతి పోస్టర్లకు ప్రెస్సులోనే ఆ రెండు పేర్లు పడ్డాయి. ఇద్దరూ రేటు కూడా మార్చేశారు. స్క్రిప్టుకి 2 లక్షలు. విన్న నిర్మాతలు కుర్చీలోంచి లేచిపోయారు. వీళ్లు రూపాయి తగ్గలేదు. ఆలస్యంగానైనా ఆ 2 లక్షలూ వచ్చాయి.

వీళ్ల కథలు మన తెలుగువాళ్లకీ కొత్త కాదు. జంజీర్ 1974లో 'నిప్పులాంటి మనిషి' అయింది. 'దీవార్' 1976లో 'మగాడు'. 'డాన్' 1979లో 'యుగంధర్'. మూడింటిలోనూ హీరో ఎన్టీ రామారావే.