సరుకుల చిట్టాలో కర్బనం

కుటుంబం వాడకంలో ఎంత కర్బనం దాగి ఉందో చెప్పే లెక్క పర్యావరణ ఉద్యమాల కంటే ముందు ఆర్థికశాస్త్రవేత్తల ఖాతాల్లో పుట్టింది. దాని బలమూ, లోపమూ ఆ పుట్టుకలోనే ఉన్నాయి. ఏ రంగం ఏ రంగం దగ్గర ఎంత కొంటుందో చూపే పట్టికను వసీలీ లియోంటీఫ్ 1936లో అమెరికాకు వేశాడు. 1970లో దానికి కాలుష్యాన్నీ జతచేశాడు. చమురు సంక్షోభం వచ్చాక, 1975లో బులార్డ్, హెరెండీన్ అదే పద్ధతిలో ప్రతి సరుకు వెనకా ఖర్చయ్యే ఇంధనాన్ని లెక్కగట్టారు. మరుసటి ఏడాది హెరెండీన్, తనకా ఆ లెక్కను కుటుంబ వ్యయ సర్వేతో కలిపి చూస్తే, పేదింటి ఇంధన వాడకంలో దాదాపు మూడింట రెండు వంతులు నేరుగా కొన్న కరెంటు, పెట్రోలు వంటివేనని తేలింది. సంపన్నుల ఇళ్లలో ఆ వాటా మూడో వంతుకు పడిపోయింది. మిగతాదంతా బట్టల్లో, సామాన్లలో, సేవల్లో కలిసిపోయింది. కరెంటు బిల్లు చూసి ఉన్నవాళ్ల వాడకాన్ని అంచనా వేయలేమని అప్పుడే తెలిసిందన్నమాట.

మన దేశంలో వాదన ముందొచ్చింది, అంకెలు తర్వాత వచ్చాయి. బతుకు కోసం వెలువడే ఉద్గారాలనూ విలాసం కోసం వెలువడేవాటినీ ఒకే గాటన కట్టొద్దని పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లో దేశాల మధ్య తగువుగా లేవనెత్తారు. జ్యోతి పారిఖ్, మనోజ్ పాండా, ఎన్.ఎస్. మూర్తి 1997లో ఆ ప్రశ్నను దేశం లోపలికి తిప్పి, ఆదాయ వర్గాల వారీగా లెక్కించారు. 2021లో వెలువడిన మరో అధ్యయనం 623 జిల్లాలను పరిశీలించి, బాగా ఖర్చుపెట్టే కుటుంబాల ఉద్గారాలు అట్టడుగు వర్గంకంటే దాదాపు ఏడు రెట్లని చెప్పింది. నగరానికొక సగటు తీస్తే ఈ తేడా మాయమవుతుంది. అందుకే ఈ కొలత వర్గాలను పోల్చడానికి పనికొచ్చినంతగా ఒక్కో ఇంటిపై తీర్పు చెప్పడానికి పనికిరాదని నా అభిప్రాయం.

రూపాయికింత కర్బనమని గుణిస్తే నిజం తేలుతుందా అన్న అభ్యంతరం సబబే. ఫుట్‌పాత్ మీది 300 రూపాయల చొక్కాకన్నా షోరూంలోని 3,000 రూపాయల చొక్కాకు పట్టిక పదిరెట్లు కర్బనం అంటగడుతుంది. వేల కుటుంబాల సగటులో ఈ తప్పు కొంత తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. కరెంటు, పెట్రోలు, గ్యాస్‌ల విషయంలో రూపాయలు వదిలేసి యూనిట్లు, లీటర్లు, కిలోలు లెక్కించడమే మేలు. మన జాతీయ నమూనా సర్వేలో ఆ వివరాలూ ఉంటాయి. 14.2 కిలోల గ్యాస్ బండ మండితే సుమారు 42 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు అనుకుంటే, 60 యూనిట్లు వాడేసరికే ఒక బండతో సమానం. వేసవిలో ఏసీ ఉన్న ఇంటికి అదెంత! సంపన్నులు సర్వేలకు సరిగా చిక్కరన్న అభ్యంతరమూ నిజమే. అయితే దానివల్ల తేడా ఉన్నదానికన్నా తక్కువగా కనబడుతుంది గనుక, ఆ ఒక్క కారణం వరకూ చూస్తే ఏడు రెట్లన్నది కనీసపు అంకె అనుకోవాలి.

2000ల మధ్యలో చమురు సంస్థ బీపీ వ్యక్తిగత కర్బన కాలిక్యులేటర్‌ను ప్రచారంలోకి తెచ్చింది గనుక ఈ కొలతే నేరాన్ని జనం మీదికి నెట్టే ఎత్తు అంటారు కొందరు. కానీ కొలత అంతకు మూడు దశాబ్దాలు పెద్దది. వర్గాల తేడా చూపే పనిముట్టును ఒంటరి మనిషికి తగిలించడంలోనే తిరకాసు ఉంది. గ్రిడ్‌లో బొగ్గు ఎంత ఉండాలో అద్దె ఇంట్లో ఉండేవాడు తేల్చలేడు. ఇంతకూ మనకున్న అసలు ఇబ్బంది పాత చిట్టాలే. 2017–18 వ్యయ సర్వే ఫలితాలను ప్రభుత్వం విడుదల చేయలేదు. చాలా లెక్కలు 2011–12 సర్వే మీదే నడిచాయి. యాప్‌లో తెప్పించుకునే భోజనం, ఆన్‌లైన్ కొనుగోళ్లు ఆ కాగితాల్లో లేనట్టే. 2022–23 సర్వే వచ్చింది గానీ ప్రశ్నలు అడిగే తీరు మారింది కాబట్టి, రెండింటినీ పక్కపక్కన పెట్టే ముందు ఆ మార్పు ప్రభావమెంతో తేల్చుకోవాలి.