బొజ్జన్నకొండ



అనకాపల్లి యనగానే మనకు బెల్లము జ్ఞప్తికి వచ్చును. ఆ పట్టణమునకు చేరువనే శంకరమను పల్లె యున్నది. పేరు విని, అదియొక శివక్షేత్రమని తలచి వెళ్లితిని. తీరా చూడగా, చేల నడుమ రెండు కొండలు కనబడినవి. తూర్పుది బొజ్జన్నకొండ, పడమటిది లింగాలకొండ.

తూర్పుకొండకు మెట్లున్నవి. ప్రధానగుహ కొండను తొలిచిన మంటపము. అందు శిల్పులు 16 స్తంభములు మలచిరి. వానిలో కొన్ని విరిగిపోయినవి. నడుమ నొక స్తూపమున్నది. అది వేరొకచోటినుండి తెచ్చి నిలిపినది గాదు. చుట్టునున్న రాతినంతయు చెక్కి తీసివేసి, స్తూపమును కొండలో భాగముగనే మిగిల్చిరి. ఉలిదెబ్బ యొక్కటి తప్పినను దిద్దుకొను వీలులేని పని యది. దానిచుట్టు ప్రదక్షిణము చేయుచు, ఆ శిల్పుల యోర్పునకు మనసులో నమస్కరించితిని. శిఖరమున మహాస్తూపము కలదు. దాని యడుగు కొండరాయి, పైకట్టు ఇటుక.

పడమటికొండ మఱింత యబ్బురము. కొండ వెన్నునే చెక్కి, చిన్నవియు పెద్దవియు నగు స్తూపములను వరుసలు వరుసలుగ తీర్చిరి. దూరమునుండి చూచువారికవి శివలింగములే. లింగాలకొండ యను పేరట్లు వచ్చినది.

1906లో అలెగ్జాండరు రీ అను పురావస్తు శాస్త్రజ్ఞుడిచట త్రవ్వకములు ప్రారంభించెను. సముద్రగుప్తుని నాణెమును, తూర్పు చాళుక్య విష్ణువర్ధనుని నాణెములును బయల్పడినవి. క్రీ. శ. 4వ శతాబ్దినుండి 9వ శతాబ్దివరకు ఇచట బౌద్ధులుండిరని పండితుల నిర్ణయము.

పిమ్మట భిక్షువులు లేరైరి. పేర్లు మాత్రము నిలిచినవి. సంఘారామమే శంకరమైనది. బుద్ధునికొండయే బొజ్జన్నకొండ యైనది. కాని మన భాషలో బొజ్జ యనగా పొట్ట. బుద్ధుని మఱచినవారికి ఆ పేరులో పొట్టయే వినబడినదేమో యని నా యూహ. ఏలయన, కనుమనాడు చుట్టుపట్ల జనులు ఇచటికి వచ్చి, బొజ్జవంటి యొక శిలను రాక్షసుడని యెంచి రాళ్లు రువ్వెడివారు. ఆ దెబ్బలు తగిలినది బౌద్ధశిల్పమునకు! పురావస్తుశాఖవారును, ప్రాచీన సంపద పరిరక్షకులును పూనుకొని ఆ యాచారమును మాన్పించిరి.

నేనా గ్రామస్థులను నిందింపజాలను. రాయి విసరినవారు వారే. వేయేండ్లు ఏ గ్రంథమును లేకయే పేరును కాపాడినవారును వారే. ఆ పేరునకు అర్థము విప్పి చెప్పవలసిన చదువరులము చాలకాలము ఆ పని చేయమైతిమి. మీ యూరిచెంత అర్థము తెలియని పేరుగల గుట్ట యున్నచో, ఒకసారి యెక్కి చూడుడు. పెద్దలనడిగి, వారు పలికినది పలికినట్లు వ్రాసి యుంచుడు.