చిగురు

బనగానపల్లె మామిడితోటలో కొత్త చిగురు పచ్చగా ఉండదు. రాగిరంగులో, మెత్తగా, నీరు నిండినట్టు మెరుస్తుంది. అద్దం ముందు పెదవి పైకెత్తి చూసుకోండి: పంటి చుట్టూ ఉన్నదీ అలాంటి లేత ఎరుపే. అందుకేనేమో, తెలుగువాడు రెంటికీ ఒకే మాట వాడాడు. గోరు గోళ్లయినట్టు చిగురు చిగుళ్లయింది. చెట్టు చిగురును ఇగురు అన్నట్టే, పంటి చిగుళ్లను ఇగుళ్లనీ అంటారు. సంస్కృతంలో దంతమాంసం అంటే అది కండ మాత్రమే. తెలుగులో అది మొలక.

కానీ పోలిక ఒకచోట మోసం చేస్తుంది. కొమ్మ నరికినా చెట్టు చిగురిస్తుంది. పంటికీ పంటికీ మధ్య కోసుగా ఉండే చిగురు పోతే తనంతట తాను తిరిగి రావడం అరుదు. అక్కడ నల్లటి త్రికోణం మిగులుతుంది. వైద్యులు అంగిలి నుంచి కాస్త కణజాలం తీసి, చిగురు కింద సొరంగంలా దారిచేసి అంటుకడతారు. ఫలితం అడుగునున్న ఎముకను బట్టి ఉంటుంది. పళ్లు ఆనుకునే చోటు నుంచి ఎముక దాకా 5 మిల్లీమీటర్లలోపు ఉంటే సందు దాదాపు ఎప్పుడూ నిండే ఉంటుందని, 7 అయితే నాలుగో వంతు సందుల్లోనే నిండుగా కనబడిందని 1992లో దంతవైద్యుడు టార్నో బృందం కొలిచి చెప్పింది.

2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బనగానపల్లె పండుకు పీచు లేదు. పంటి సందున ఇరుక్కోదు. ఆ చెట్టునూ అంటుకట్టే పెంచుతారు. తోటలోనైనా నోట్లోనైనా అంటు బతకాలంటే, అడుగున ఆధారం గట్టిగా ఉండాలి.