ఊరికే కూచోలేక అల్లిన దుప్పటి

ఆత్మకూరులోని మా ఇంట్లో ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున ఆ ఊలు దుప్పటి దొరికింది. మెరూను, పసుపు, ఆకుపచ్చ చారలు. రెండు చివర్లా కుచ్చులు. రెండు పోగులు కలిపి లావు సూదితో అల్లింది కాబట్టి చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంటుంది. నల్లమల వైపు నుంచి చలిగాలి వీచే డిసెంబరు రాత్రుల్లో అక్కచెల్లెళ్లం ముగ్గురం దాని కిందే పడుకునేవాళ్లం. ఎప్పుడు అల్లావమ్మా అని అడిగితే అమ్మ, ‘‘యాడ గుర్తుంటుంది పాపా, ఊరికే కూచోలేక అల్లినా’’ అంది.

ఆ ‘ఊరికే’ అన్న మాట నన్ను వదల్లేదు. డిగ్రీలో చేరేటప్పుడు దరఖాస్తులో ‘తల్లి వృత్తి’ అన్నచోట నేను ‘ఏమీ లేదు’ అని రాశాను. స్త్రీల చరిత్ర చదువుకుని, పాఠం చెప్పే స్థితికి వచ్చాక కూడా ఆ రాతను తిరిగి చూసుకోలేదు. ఇప్పుడు దుప్పటి ముందేసుకుని లెక్కపెట్టాను. పదమూడు చారలు, చారకు ఆరు వరసలు, వరసకు నూటపది అల్లికలు. మొత్తం 8,580. వరసకు పావుగంట అనుకున్నా దాదాపు ఇరవై గంటల పని. కుచ్చులు దీనికి అదనం.

మనం క్రోషా అనే ఈ అల్లిక తాతల నాటి కళ కాదు. యూరపులో అచ్చయిన నమూనా పుస్తకాలతో ఇది మధ్యతరగతి ఇళ్లలోకి విరివిగా వచ్చింది 1840లలోనే. సరిగ్గా అదే దశకంలో ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్లిపోయి మహా కరువొచ్చింది. అక్కడి క్రైస్తవ సన్యాసినులు పేద స్త్రీలకు క్రోషా లేసు నేర్పారు. ఆ లేసు అమ్మి ఎన్నో కుటుంబాలు ప్రాణాలు నిలుపుకున్నాయి. అంటే ఒక ఇంట్లో దొరసాని కాలక్షేపం, ఇంకో ఇంట్లో ఆకలికి మందు. సూది ఒకటే, దారం ఒకటే.

ఆ సూదే మిషనరీల చేతుల్లో గోదావరి డెల్టాకి చేరింది. నరసాపురంలో లేసు అల్లిక 1844 ప్రాంతంలో, క్రైస్తవంలోకి మారిన పేద స్త్రీలతో మొదలైందని చెబుతారు. తర్వాత అది వ్యాపారమైంది. జర్మన్ స్త్రీవాది మరియా మీస్ 1970ల చివర అక్కడికి వచ్చి, అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం అధ్యయనం చేసి, 1982లో నరసాపురం లేసు స్త్రీల మీద పుస్తకం ప్రచురించింది. మన పల్లె ఆడవాళ్ల వేళ్లను ప్రపంచ మార్కెట్టుతో కలిపి చూపించిన పుస్తకం అది. దారం ఇచ్చేది వ్యాపారి, సరుకు పట్టుకెళ్లేది ఏజెంటు, ఎగుమతి చేసేది షావుకారు. వీళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. ఒకామె పువ్వులు అల్లుతుంది, ఇంకొకామె వాటిని అతుకుతుంది. తాను అల్లింది చివరికి ఏ రూపం తీసుకుందో, ఏ దేశం వెళ్లిందో మొదటామెకు తెలీదు. రోజంతా వంటకీ పిల్లలకీ మధ్య ఆరేడు గంటలు అల్లినా చేతికి రూపాయి కూడా వచ్చేది కాదు.

అంత తక్కువ ఎందుకు? వాళ్లు కార్మికులు కారు, గృహిణులు కాబట్టి. ఖాళీ సమయంలో ఏదో అల్లుకుంటున్నారు కాబట్టి. మీస్ దీనికి ‘గృహిణీకరణ’ అని పేరు పెట్టింది. ముఖ్యంగా కాపు కుటుంబాల్లో, పొలానికి వెళ్లకుండా ఇంట్లో కూర్చుని లేసు అల్లడం పరువుగా ఉండేది. ఆ పరువే వాళ్లను బజారుకి వెళ్లనీయలేదు, ధర అడగనీయలేదు. నరసాపురం క్రోషా లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి పేరొచ్చింది, సంతోషమే. అల్లే చేతికి ఎంత వస్తోందన్న ప్రశ్న మాత్రం మీస్ అడిగిన చోటే ఉంది.

మా సీమలో లేసు పరిశ్రమ లేదు. కరువుకు మాత్రం కొదవ లేదు. 1876-78 నాటి ధాత కరువు కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను తుడిచిపెట్టింది. మాకున్న ఉన్ని కురుబల నల్ల కంబళి. గొర్రెబొచ్చును ఏకి, కదురు మీద వడికేది ఆడవాళ్లు. చింతగింజల గంజి పెట్టిన పడుగును గుంట మగ్గం మీద నేసేది మగవాళ్లు. కంబళి నేసినాయనకు పేరుంది. వడికినామెకు లేదు. మగ్గం ‘వృత్తి’ అయింది, కదురు ‘ఇంటిపని’ అయింది. ఇక పాత చీరలు పొరలుగా వేసి కుట్టే బొంతనైతే ఎవరూ పని అని కూడా అనరు.

మా అమ్మకు క్రోషా వచ్చింది వ్యాపారి వల్ల కాదు, బడి వల్ల. ఆడపిల్లలకు కుట్లు అల్లికల పీరియడు ఉండేది. మంచి ఇల్లాలు కావడానికి అదొక శిక్షణ. ఊలు అని మేమంతా పిలిచింది గొర్రెది కాదు, పొట్లాల్లో వచ్చే అక్రిలిక్ దారం. నరసాపురం స్త్రీ శ్రమకు కనీసం ఒక చవక ధర ఉంది, మా అమ్మ శ్రమకు ధరే లేదని నేను అనుకున్నాను. ఈ వ్యాసాన్ని అలాగే ముగించాలనుకున్నాను కూడా.

కానీ కుచ్చులు ఎట్లా చేశావని అడిగినప్పుడు అమ్మ, ‘‘నీ నోటుబుక్కు అట్ట చించి దాని చుట్టూ ఊలు చుట్టినా. అది మిగిలిన ఊలేలే’’ అంది. దేంట్లో మిగిలిందమ్మా? కాసేపు ఊరుకుని చెప్పింది. ఆఫీసర్ల ఇండ్లలో చంటిపిల్లలకు స్వెట్టర్లు, టోపీలు, టీవీ మీద గుడ్డలు అల్లిచ్చేదట. వాళ్లు ఇచ్చిన రంగుల్లో మిగిలినవి దాచి ఈ దుప్పటి చేసింది. అందుకే చివరి పసుపు చార మొదటి పసుపులా లేదు. డబ్బులు తీసుకునేదానివా అంటే, ‘‘మరి ఊరికేనా?’’ అంది. నా ఇంటర్ పరీక్ష ఫీజు ఆ డబ్బే. నాన్నకు తెలీదు. ‘‘పెండ్లాం కూలికి అల్లుతాందంటే ఆయప్పకు నామర్దా కదా.’’

అంటే ‘ఊరికే కూచోలేక’ అన్నది వినయం కాదు. ఇన్నేళ్లూ ఆ సంపాదన మీద కప్పిన దుప్పటి అది. నరసాపురం స్త్రీలను వ్యాపారికి చవగ్గా అప్పగించిన పరువే, ఇక్కడ మా అమ్మ చేత సంపాదనను దాచిపెట్టించింది. అమ్మ డబ్బుతో ఫీజు కట్టిన నేనే ‘ఏమీ లేదు’ అని రాశాను.

1991 జనగణనలో పని గురించిన ప్రశ్నకు జీతం లేని పొలం పని, ఇంటి వ్యాపారంలో చేసే పని కూడా చేర్చారు. స్త్రీల ఉద్యమాలు, పరిశోధకులు పట్టుబట్టడం అందులో పనిచేసింది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. లెక్కలు మెరుగవుతున్నాయి. కానీ గుమ్మంలో నిలబడ్డ ఎన్యూమరేటరుకు ఆమే ‘నేనేం చేయను’ అని చెబితే ఏ గడి నిండుతుంది? ఆమె చేత ఆ మాట అనిపిస్తున్నదేమిటో అడగకుండా స్త్రీల శ్రమ చరిత్ర రాయలేం. అడగాల్సింది పత్రాలను మాత్రమే కాదు, మన ఇళ్లలో వాళ్లను కూడా. ఒక్కసారి కాదు, రెండోసారి, మూడోసారి కూడా.

నిజమైన క్రోషా ఇప్పటికీ మిషను మీద తయారై బజారుకి రాదు. ఎంత చవగ్గా దొరికినా దాని వెనుక ఒక చెయ్యి ఉంటుంది. దుప్పటి మడతపెడుతూ అమ్మతో అన్నాను, ఈసారి లెక్కలు రాసేవాళ్లు వస్తే అల్లిక పని చేసేదాన్నని చెప్పమని.

‘‘చెప్తే ఆ పాత బాకీ ఇప్పిస్తారా? ఆ స్వెట్టరు డబ్బులు ఒకామె ఇంకా ఇయ్యనేలేదు’’ అంది అమ్మ.