తత్త్వశాస్త్ర గ్రంథములు మన గడపకు వచ్చిన దారి



తత్త్వశాస్త్రము చదువవలెనని కోరిక పుట్టినవానికి కావలసినవి రెండు: గురువు, గ్రంథము. గురువును గూర్చి పెద్దలు చాల చెప్పియున్నారు. నేడు నేను గ్రంథమును గూర్చి చెప్పదలచితిని. మన నూజివీటి ప్రాంతమున ఒక పల్లెలో నున్నవాడు శాస్త్రగ్రంథము నెట్లు సంపాదింపగలడు? ఈ ప్రశ్నకు ఒక్కొక్క కాలము ఒక్కొక్క విధమున సమాధానము చెప్పినది.

కాశీకి పోయినంత మాత్రమున ఎవ్వడును అన్నంభట్టు కానేరడని పండితులలో ఒక లోకోక్తి కలదు. అన్నంభట్టు పదునేడవ శతాబ్దమున వెలసిన ఆంధ్రుడు. ఆయన తర్కసంగ్రహము న్యాయవైశేషికములకు తొలిమెట్టు. దేశమంతటను విద్యార్థులు నేటికిని దానితోనే తర్కము నారంభించుచున్నారు. ఆ దినములలో శాస్త్రార్థి కాశీకి పోవుటకు కారణము స్పష్టము. పండితులును, వారి తాళపత్రములును అచ్చట నుండెడివి. గ్రంథము మనిషి వద్దకు రాదు. మనిషియే గ్రంథము వద్దకు నడచి పోవలెను.

తాళపత్ర గ్రంథమునకు ఆయువు కొంచెము. గంటముతో ఆకుపై వ్రాసి మసి పూసిన అక్షరము చాలకాలము నిలుచును గాని, పురుగు, తేమ, అగ్ని దానికి శత్రువులు. ప్రతి కొన్ని తరముల కొకసారి ఎవరో ఒకరు కూర్చుండి మరల వ్రాయవలెను. వ్రాయువాడు లేని గ్రంథము నశించును.

కృష్ణాతీరముతో పేరు ముడివడిన ఆచార్య నాగార్జునుని మూలమధ్యమకకారికల చరిత్ర చూడుడు. అవి క్రీస్తుశకము రెండవ శతాబ్ది ప్రాంతమున పుట్టినవి. 409లో కుమారజీవుడు వానిని చీనా భాషలోనికి మార్చెను. టిబెట్టువారును తమ భాషలో భద్రపరచుకొనిరి. మన దేశమున మాత్రము వాని పఠనపాఠనములు అడుగంటినవి. చంద్రకీర్తి వ్యాఖ్యతో గూడిన సంస్కృత ప్రతి నేపాళమున నిలిచియుండుటచే, 1903 మొదలు 1913 వఱకు రష్యాలోని సెంటుపీటర్సుబర్గున అచ్చుపడినది. ఆయనదే విగ్రహవ్యావర్తని యను మఱియొక గ్రంథము రాహుల సాంకృత్యాయనులకు టిబెట్టు మఠమున దొరకి, 1937లో ప్రకటితమైనది. ప్రమాణముల నన్నిటిని ఖండించిన జయరాశిభట్టు తత్త్వోపప్లవసింహ మిట్లే గుజరాతులోని పాటన భాండారమున ఒక్క తాళపత్ర ప్రతియందు మిగిలి, 1926లో బయటపడి, 1940లో అచ్చయినది. ఆ ఒక్క కట్టకు చెదలు పట్టియుండినచో, ఆ వాదము మనకు దక్కెడిది కాదు.

మన సీమలో ప్రతులను సేకరించినవారిని ఇచ్చట స్మరింపవలెను. ఏలూరి వాస్తవ్యులైన కావలి సోదరులు బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి కర్నలు మెకంజీ కొలువున నుండి తాళపత్రములను, కైఫీయతులను ప్రోగుచేసిరి. 1817లో ఈ దేశమునకు వచ్చిన బ్రౌను దొర పండితులకు జీతములిచ్చి, పలు ప్రతులను పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. వేమన పద్యములను 1829లో అచ్చొత్తించెను. వీరి సేకరణలలో పెక్కులు మదరాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున చేరినవి.

పిదప అచ్చుయంత్రము వచ్చినది. 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులు మదరాసున నెలకొల్పిన ముద్రణాలయము సంస్కృత గ్రంథములను తెనుగు లిపిలో ప్రకటించుటచే, నాగరలిపి రానివాడును శాస్త్రమును చేతబట్టగలిగెను. అయినను పుస్తకము కొనుటకు అందఱికి శక్తి లేదు. ఆ కొఱత తీర్చుటకు గ్రంథాలయోద్యమము పుట్టినది. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ పనికి జీవితము నర్పించిరి. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో కృష్ణా కాలువలో పడవయే గ్రంథాలయమై పల్లెపల్లెకు సాగినది. గ్రంథము మనిషి వద్దకు వచ్చుట ఆ పల్లెలవా రట్లు కన్నులార చూచిరి.

నేడు ఆ పడవ పని అంతర్జాలము చేయుచున్నది. ఈ కార్యమునకు మూలపురుషులలో నొకరు మనవారే. 1937లో నాటి చిత్తూరు జిల్లా కాటూరున జన్మించి, అమెరికాలో ఆచార్యులై, 1994లో ట్యూరింగు బహుమాన మందిన రాజరెడ్డిగారు పది లక్షల పుస్తకములకు ఛాయాప్రతులు తీయింప సంకల్పించిరి. దాని ననుసరించి బెంగుళూరు, హైదరాబాదు మొదలగు చోట్ల భారత డిజిటలు గ్రంథాలయ మను పేర పని జరిగెను. వేలకొలది తెనుగు పుస్తకములు, అందు పాత వేదాంత, తర్క గ్రంథములు, ఎవరి సెల్‌ఫోనులో నైనను చదువ వీలైనది. అయితే కొన్ని సంవత్సరములకు ఆ గ్రంథాలయపు వెబ్‌సైటు మూతపడెను. అప్పటికే కొందఱు ఆ ప్రతులను ఇంటర్నెట్టు ఆర్కైవు అను వేఱొక భాండారమున చేర్చియుండుటచే పుస్తకములు మిగిలినవి. తాటియాకునకు ఏది ధర్మమో కంప్యూటరునకును అదియే ధర్మము: ఒక్కచోట నున్నది పోవును, పలుచోట్ల నున్నది నిలుచును.

ఇక వానిని వాడుకొను విధము. మన తోటలలో టెంక నాటిన చెట్టు తల్లి గుణమునే చూపునని నమ్మరాదు; అంటుకట్టిన మొక్క చూపును. పుటకు తీసిన ఛాయాప్రతి అంటు వంటిది. ఎవరో మరల కూర్చిన అక్షరములు టెంక వంటివి. కావున సంశయము కలిగినచోట ఛాయాప్రతితో సరిచూడవలెను. ముఖపత్రముపై పరిష్కర్త పేరు, అచ్చయిన సంవత్సరము ఉన్నవో లేవో గమనింపవలెను. మూలమేది, వ్యాఖ్య యేది, చదివినవాని స్వంతమాట యేది యని వేఱుపఱచుకొనవలెను. శంకరులు ఇట్లనిరి అని ఫోనులకు వచ్చు సందేశములలో గ్రంథము పేరుగాని, ప్రకరణముగాని ఉండదు. నైయాయికులు శబ్దమును ప్రమాణముగా నంగీకరించిరి గాని, అది ఆప్తుని వాక్యము కావలెననిరి. ఉన్నదున్నట్లు చెప్పువాడే ఆప్తుడు. పేరు చెప్పనివాని ఆప్తత్వమును మన మెట్లు పరీక్షింతుము?

పరీక్షకు నిలుచు స్థానములును కలవు. సంస్కృత మూలములకు జర్మనీలోని గోటింజను విశ్వవిద్యాలయపు పట్టిక, ఇంగ్లీషు తెలిసిన పిల్లలకు 1995లో మొదలైన స్టాన్‌ఫర్డు తత్త్వశాస్త్ర విజ్ఞానసర్వస్వము, తెనుగు గ్రంథములకు తెలుగు వికీసోర్సు మూల్యము లేకయే లభించుచున్నవి. స్టాన్‌ఫర్డువారి ప్రతి వ్యాసమునకు కర్త పేరుండును.

పెద్దలారా, మీతో మనవి చేయదలచిన దొకటి కలదు. మన పల్లెలలో అటుకలపై ఇంకను తాళపత్రపు కట్టలు, ముఖపత్రము చినిగిన పాత పుస్తకములు కలవు. చదువరాదని వానిని గోదావరిలోనో కృష్ణలోనో విడుచువారును కలరు. అందు ఏ కట్ట మఱెచ్చటను లేని ఏకైక ప్రతియో చూడక చెప్పలేము. నూజివీట 2008లో సాంకేతిక విద్యాలయము వెలసినది. ఫోనుతో పుటలను చక్కగా తీయగల పిల్లలు ఊరూర నున్నారు. మీరు ఆకుల వరుస చెదరకుండ పట్టుకొని, లిపి చదివి, గ్రంథము పేరు, ఇంటిపేరు, ఊరు చెప్పుడు. వారు ఛాయలు తీసి కనీసము రెండు చోట్ల భద్రపఱతురు. ఆ లిపి చదువగలవారు మీ తరముతో తగ్గిపోవుచున్నారు. కావున ఈ పని వాయిదాకు తగినది కాదు.

కాశీ నేడు గడపకు వచ్చినది. అన్నంభట్టు కావలెనన్న చదువక తప్పదు. ఆ మాట మారలేదు. కాని చదువుటకు గ్రంథ ముండవలెను గదా. ఈ యేడు రసాల కోత ముగిసిన వెంటనే, వానలు ముదరకమునుపే, అటుకపై పెట్టె నొకసారి క్రిందికి దింపుడు.