ఎడ్ల బిడారు నుంచి మిర్చి యార్డు దాకా

గుంటూరు యార్డులో టిక్కీలు దించి ధర కోసం ఎదురుచూసే మనం ఒకప్పుడు సరుకు నడిపినవాళ్లమే. మన లంబాడీ తాతలు ఎడ్లమీద తీరం ఉప్పు లోపలికి మోసి, బదులు ధాన్యం తెచ్చేవాళ్లు. ఎరుకలవాళ్లు గాడిదలమీద అదే బేరం చేశారు. రైళ్లొచ్చాక ఆ బేరం దెబ్బతింది. 1911 నేరస్థ తెగల చట్టం ఎరుకల మీద దొంగల ముద్ర వేసింది; బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే.

ఇప్పుడు మిర్చి వేయాలంటే కమిషన్ ఏజెంటు దగ్గర అప్పు. అప్పిచ్చిన చోటికే పంట తోలాలి. అసలు, వడ్డీ, కమిషన్, హమాలీ పోగా మిగిలిందే చేతికొస్తుంది. వేలం, తూకం సరిగా జరగాలనే 1966లో మార్కెట్ల చట్టం తెచ్చారు. కానీ చేతిలో కాగితం లేకపోతే ఏమని అడుగుతాం?

సెలవులకి ఇంటికెళ్లినప్పుడు నాన్నతో యార్డుకి పోదాం. కాటా దగ్గర నిలబడదాం. పట్టీ తీసుకుని, ఒక్కో కోత అమ్మానాన్నలకి చదివి వినిపిద్దాం. మన చదువు ముందు అక్కడ పనికిరావాలి.